మాడ్యూలు పేరు, వచ్చిన మార్కు

ఒక్కో వరుసలో ఒక్కో పేపరు రాయమంది ఫారం.
మూడేళ్ళకే గడులున్నాయి.
నేను చదివింది ఐదేళ్ళు.
మిగిలిన రెండేళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలీక
హేర్‌హిల్స్‌లో, అద్దెగది హీటరు పక్కన,
కాసేపు వాటిని ఒళ్ళోనే పెట్టుకున్నాను.

గడువు రాత్రి పన్నెండు.
ఇప్పుడు తొమ్మిదీ నలభై.
పొద్దుటి నుంచి పార్సిళ్ళ గోడౌనులో నిలబడ్డ కాళ్ళు
నాకంటే ముందే మంచమెక్కి పడుకున్నాయి.

దుప్పటి మీద పది మార్కుల మెమోలు పరిచాను.
నాలుగో సెమిస్టరుది ఎప్పుడో తడిసి ఆరింది.
కంట్రోలర్ గారి సంతకం
కాళ్ళకి సిరా అంటిన చీమ నడిచిపోయినట్టుంది.
కాంట్రాక్టులు ఒకటి: యాభై ఎనిమిది.
కుటుంబ చట్టం రెండు: అరవై ఒకటి.
భూమి చట్టాలు: నలభై తొమ్మిది.

ఆ నలభై తొమ్మిది మా క్లాసులో రెండోది.
ఈ మాట రాయడానికి గడి లేదు.

దేవసహాయం సారు పేపర్లు దిద్దితే
చేతిలో ఎర్ర పెన్ను కాదు, కొడవలి.
"నూరు దేవుడికి, డెబ్బై నాకు,
అరవైకి కింద ఎంతుంటే అంత మీరు పంచుకోండి" అనేవాడు.
సార్, ఇక్కడ లీడ్స్‌లో
మీ వాటా డెబ్బై చేతిలో ఉంటేనే ఫస్టు క్లాసు.
అరవై లేనివాళ్ళని గుమ్మం దాకా కూడా రానివ్వరు.
మీరు పంచిన చిల్లర
ఈ గల్లాపెట్టెలో చెల్లడం లేదు.

భూమి చట్టాలంటే ఏమిటో ఇరవై మాటల్లో చెప్పాలట.
ఇనాము, పట్టా, అడంగల్, పోరంబోకు.
టైపు చేసిన ప్రతి మాట కిందా ఎర్రగీత.
తప్పంటోంది, దిద్దుకోమంటోంది.
పోరంబోకు కింద గీత చూసి నవ్వొచ్చింది.
ఎవరిదీ కాని నేల
ఇక్కడికొచ్చినా ఎవరిదీ కాలేదు.
ఆస్తి బదిలీ చట్టం కింద మాత్రం ఏ గీతా లేదు.
వీళ్ళ మాటలేగా,
కర్నూలు ఎండలో నూటనలభై ఏళ్ళుండి
నా వెంట పడి ఇంటికొచ్చాయి.

పక్కగది ఇఫియోమాదీ లా డిగ్రీనే.
వాళ్ళ ఊరు ఎనుగు.
మొదటిసారి విన్నప్పుడు ఏనుగనుకున్నాను.
వేయించిన అరటిముక్కల ప్లేటు మెమోల మధ్య పెట్టి
"నేనైతే బాగున్నవే రాశా, మిగతావి దాచా" అంది.
తర్వాత?
"దాచినవే అడిగారు."

ఏడో సెమిస్టరు. న్యాయసహాయ శిబిరం.
దానికి మార్కుల్లేవు.
మెమోలో ఒకటే మాట: హాజరు.
ఆదోని పత్తి మార్కెట్టు వెనక, ఖాళీ బోరాల మీద,
తూకంలో మోసపోయిన సుంకులమ్మ చెబుతుంటే
నేను రాసిన మొదటి అర్జీ.
"ఇందుమూలముగా" అని మొదలుపెట్టగానే
చెయ్యి పట్టుకుని ఆపింది.
"నేను చెప్పినట్టు రాయి పాపా,
నువ్వు చదివినట్టు కాదు."
కొట్టేసి మళ్ళీ రాశాను. ఆమె వేలిముద్ర వేసింది.
ఆ అర్జీ ఏమైందో నాకు తెలీదు.
నేనూ మళ్ళీ ఆదోని పోలేదు.

మార్కు గడిలో హాజరు అని రాస్తే
అంకె మాత్రమే ఇవ్వండి అంది ఫారం.
సున్నా పెట్టాను.
పెట్టి, తుడిచాను.
నలభై తొమ్మిదిని నలభై తొమ్మిదిగానే వదిలి
ప్రత్యేక పరిస్థితులేవైనా ఉంటే అన్న చోట
"క్లాసులో రెండో స్థానం" అని రాశాను.
అది పరిస్థితో కాదో వాళ్ళే తేల్చుకోనీ.

పదకొండూ యాభై రెండు.
చాలాసేపు కీబోర్డు ముట్టుకోలేదేమో,
మీరు ఇంకా ఉన్నారా, అని అడిగింది పేజీ.
హాజరు, అన్నాను పైకే.
గోడ అవతల ఇఫియోమా దగ్గింది.
అవును నొక్కాను.
ఇంకా మూడు పేపర్లున్నాయి.