రెండు మిల్లీమీటర్లు

ఎనుమాముల యార్డుల మిర్చి దిగే రోజులు.
తుమ్ముకుంటనే ప్రింటరు అట్టపెట్టె విప్పిన.
మూతబడ్డ ఫైనాన్సు కంపెనీది, కరీంనగర్ల
సగం ధరకు దొరికిందని సేటు తెచ్చిండు.
రోలరు సందుల ఇంకా
ఎవరిదో చిట్టీ రశీదు చింపు ఇరుక్కొని ఉన్నది.

"ఇగ చెక్కులన్నీ మిషినే రాస్తది" అని
సేటు హన్మకొండ పెండ్లికి పోయిండు.
ఓదెలు సారు కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నడు.
ఇరవై ఆరేండ్లు ఈ అడ్తిల చెక్కులు రాసిన చెయ్యి
చాయ్ గ్లాసు పట్టుకొని
నా వేళ్ళ దిక్కు చూస్తున్నది.

సాఫ్ట్‌వేర్ అడుగుతున్నది:
పై అంచు నుంచి పేరుకు ఎంత దూరం?
ఎడమ అంచు నుంచి తేదీకి ఎంత?
తేదీల అంకెకూ అంకెకూ నడుమ ఎంత?
నా బిడ్డ జామెట్రీ డబ్బాల స్కేలు తెచ్చిన,
దాని మీద నీలం పెన్నుతోని: నవ్యశ్రీ, ఏడు బి.
చెక్కు పొడుగు రెండు వందల రెండు,
ఎత్తు తొంభై రెండు.
ఇన్నేండ్లుగ ఇంత పైసలు మోసిన కాగితం
నా జానెడు గూడ లేదు.

ఉత్త కాగితం మీద మొదటి ప్రింటు.
చెక్కు మీద పరిచి కిటికీ వెలుతురుకు పట్టిన.
పేరు పోయి బ్యాంకు పేరు నెత్తిన కూసున్నది.
రెండోది తీసిన.
మొత్తం గడి దాటి, చెక్కు దాటి, గాలిల తేలింది.
మూడోసారి అన్నీ కుదిరినయి, తేదీ తప్ప.
ఎనిమిది గడులు, ఎనిమిది అంకెలు,
బస్సు ఫుట్‌బోర్డు మీద జనం లెక్క
ఒక కాలు లోపల, ఒక కాలు బయట.
రెండు మిల్లీమీటర్లు.

"నేనెన్నడు కొలిచి రాయలే" అన్నడు ఓదెలు సారు.
"మాత్రమే అని రాసినంక ఒక గీత కొట్టేది, గంతే.
జాగ ఉంచితే ఎవడన్న సొరవడతడు."
కొంచెం ఆగి,
"ఒక్కసారి తప్పిన. నర్సంపేట బ్రాంచి ఎనక్కి పంపింది.
ఆమె మల్ల రెండు దినాలు తిరిగింది."
ఆమె ఎవరో చెప్పలే.
చాయ్ ఎప్పుడో చల్లారింది, అయినా ఊదుకున్నడు.

మెట్ల మీద పగటీలి నుంచి మాలోతు చాంప్లా.
నెల్లికుదురు అవతల తండా.
పదకొండు క్వింటాళ్ల చిల్లర, తేజ రకం.
పాస్‌బుక్కు ఇచ్చిండు, పేరు కలిపి చూసిన.
మా కంప్యూటర్ల ఆయన చంపాలాల్.
ఇంతకుముందు పనిచేసిన పిలగాడు
మార్వాడీ సేటు అనుకున్నడో ఏమో.
లెడ్జరు తెరిచి పేరు దిద్దిన.
ఒక్క మీట నొక్కంగనే
మూడేండ్ల కింది బిల్లులల్ల గూడ
ఆయన తిరిగి ఆయనే అయిండు.

అసలు చెక్కు పెట్టిన.
నేను ఊపిరి బిగబట్టిన, ఘాటుకు తుమ్ము రాకుండ.
ప్రింటరు రేకు మీద వాన లెక్క మోత చేసి
లక్షా ఎనభై ఆరు వేల నాలుగు వందల పన్నెండు
అచ్చు గీత మీద పరిచింది.
తేదీ అంకెలు ఎవరి గడిల వాళ్ళు.

చాంప్లా చెక్కును తిప్పి
ఎనక దిక్కు బొటనవేలుతోని తడిమిండు.
సూదులు గుద్దిన చోట కాగితం ఉబ్బింది.
"మంచిగనే దిగింది" అన్నడు.
మల్ల ముందుకు తిప్పి, కింద కుడి మూల చూసి,
"సంతకం?"

సేటు ఫోను మోగుతున్నది, ఎత్తుతలేడు.
అటు దిక్కు బ్యాండు వాయిస్తుండొచ్చు.
ఆ మూలను నేనే ఖాళీగ ఉంచిన,
ఎంత ఖాళీ కావాల్నో గూడ స్కేలుతోనే కొలిచి.

ఓదెలు సారు చెక్కుబుక్కు దగ్గరికి గుంజుకున్నడు.
చివరి పేజీల లెక్క రాసుకునే గడులున్నయి,
అవి ప్రింటరుకు అందవు.
కండ్లద్దాలు తుడుచుకొని
నంబరు, తేదీ, చాంప్లా పేరు రాసిండు,
దీర్ఘం మరువలే.
మొత్తం రాసి, పక్కన గీత కొట్టిండు.

బయట చాంప్లా ఎవరికో ఫోన్ల చెప్తున్నడు,
ఆఖరు బస్సును కొంచెం ఆపుమని.