గడ్డకట్టని ఉప్పు

టార్టులో ఫిబ్రవరి.
మున్సిపాలిటీ లారీ వీధుల్లో ఉప్పు చల్లుకుంటూ పోతోంది.
నా బూట్ల అంచున తెల్లటి గీత
మూడో అంతస్తు ల్యాబు దాకా నాతోనే ఎక్కింది.

ఇక్కడ ఉన్నది ఇంకో ఉప్పు.
సన్నటి గాజుగొట్టంలో, పాకంలా బద్ధకంగా.
నీళ్లలో కరిగించింది కాదు, నిప్పు మీద కరిగించిందీ కాదు.
ఊరికే, గది వెచ్చదనానికే, ద్రవం.
మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా
వాసన లేదు. ఆవిరై ఎక్కడికీ పోదు.

వచ్చిన కొత్తలో అడిగాను, ఎందుకు గడ్డకట్టదని.
ఊర్వే మేడం చేతిలో సగం తిన్న రై రొట్టె.
"వరసలో కూర్చోబెట్టి చూడు," అంది,
"ఒకరి తోక ఇంకొకరి ఒళ్లో పడుతుంది."

ధనాయాన్ పలచటి ఉంగరం, ఒక పక్కకి తోక.
రుణాయాన్ చిన్న బంతి,
బోరాన్ చుట్టూ నాలుగు ఫ్లోరిన్లు.
పిలుపులకేం తక్కువ లేదు:
ఒక హైడ్రోజన్ ఒరిగి ఫ్లోరిన్‌ని తాకుతుంది,
తాకీ తాకకముందే విడిచి
పక్కదాని వైపు తిరుగుతుంది.
ఎవరూ ఎవరి సొత్తూ కాదు,
ఒంటరిగా మాత్రం ఎవరూ లేరు.

నా పని రాత్రిపూట.
అయస్కాంతం గొంతులోకి గొట్టం దింపి
ఎవరెంత దూరం జరిగారో రాసుకోవడం.
హైడ్రోజన్‌ని అడిగితే ఒకరి కబురు,
ఫ్లోరిన్‌ని అడిగితే రెండోవారిది.

చాలాసేపు ఏమీ జరగదు.
చుట్టుముట్టిన వాళ్ల మధ్య
ఉన్నచోటే కొట్టుకుంటూ, కొట్టుకుంటూ…
ఇక్కడ దారులంటూ లేవు.
పక్కవాళ్లు ఒక్క రవ్వ ఒత్తిగిలితే
అదే దారి. వెంటనే మూసుకుపోతుంది.

మొన్న వార్మో మూత సరిగ్గా బిగించలేదు.
గాలిలోంచి కాస్త తేమ తాగింది, అంతే,
తెల్లారేసరికి నా అంకెలన్నీ పరుగులు.
రెండు వారాల పని సింకులో పడిందని వాడు ఏడ్చినంత పని చేశాడు.
నాకు మాత్రం, ఎందుకో, ఆ పరుగు ముచ్చటేసింది.

ఈ రాత్రి కొత్త గొట్టం, పొడిగా.
మూడింటికి అంకె చూసి ఉలిక్కిపడ్డాను:
పెద్దదే ముందు వెళ్తోంది. చిన్న బంతి వెనకబడింది.
మళ్లీ కొలిచాను. మళ్లీ అదే.
ఊర్వేకి మెసేజ్ పెడితే నిద్రలోంచే జవాబు:
"మామూలే. పలచటిది కదా, పక్కకి తిరిగి దూరిపోతుంది. పడుకోనీ."

ఏడున్నర బస్సు కిక్కిరిసి ఉంది.
కోటుకి కోటు, మాటల్లేవు, అద్దాల నిండా మంచు.
పాత వంతెన దగ్గర
తనకంటే పెద్ద చెల్లో పెట్టె మోస్తున్న పిల్ల
పక్కకి తిరిగి, భుజం ముందుపెట్టి,
అందరి మధ్యలోంచి జారి దిగిపోయింది.

పొట్టిదాన్ని, బక్కదాన్ని, కడ్డీకి అతుక్కుని నేను.
నా స్టాపు దాటిపోయింది.