ఖాళీ డొప్పల లెక్క

ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే
అల్లూరు స్టేషన్లో నా బల్ల మీదికి
తుపాకులు వాటంతటవే నడిచొస్తాయి,
గోనెసంచుల్లో, చిరుగు దుప్పట్లలో.
ఇదొకటి మాత్రం ఉతికిన నేతచీరలో వచ్చింది.

"మా ఆయన పోయి పదకొండు నెల్లు సార్.
ఎలక్షన్లయినాక గూడా
తిరిగి ఇయ్యబాకండి" అంది సుబ్బరత్నమ్మ.

రిజిస్టరు తెరిచాను.
ఒంటిగొట్టం. పన్నెండు బోరు.
తుప్పు కింది నంబరు
బొటనవేలితో రుద్ది రుద్ది చదివాను.
లైసెన్సు దేనికి: పంట రక్షణకు.
ఏడాదికి తూటాలు: యాభై.
పాత డొప్పలు చూపిస్తేనే కొత్తవి.

డొప్పలకు లెక్కుంది.
డొప్పలోంచి పోయినదానికి లేదు,
అది చెరువు అడుసులో సీసమై ఉంది.

నాట్లు పరజలు తొక్కేస్తున్నాయని
వెంగళరెడ్డి అర్జీలో రాశాడు.
నాట్లు మడిలో ఉండేవి.
ఆయన చెరువులో కాల్చేవాడు.

పడ్డ పిట్ట కోసం
గొంతులోతు నీళ్లలో, తామరతూళ్ల మధ్య
ఈదిందంతా పోలయ్య.
రెక్కచప్పుడుకే పేరు చెప్పేవాడు:
"అది చిలవ, ఈలేస్తది.
ఇది బాపనబాతు, జంటను ఇడవదు,
దీన్ని కొట్టబాక దొరా."

ఫారెస్టు జీపు వచ్చిన పొద్దున
దొర చేతిలో కాయితం ఉంది.
పోలయ్య చేతిలో సూదితోక పరజ,
ఇంకా వెచ్చగానే.

తుపాకీ ఉంచుకోవడానికే ఆ కాయితం.
పిట్టను కొట్టడానికి ఏ కాయితమూ చెల్లదు.
చట్టం తికమకేమీ పడలేదు.
పడింది నా కలం.
దస్తూరి గుండ్రంగా ఉంటుందని
నన్ను రైటర్ని చేశారు.
"వేటాడిన వ్యక్తి" అన్నచోట
ఆ గుండ్రటి అక్షరాలతో ఎవరి పేరు రాశానో
ఈమెకూ తెలుసు.

"పోలయ్య యాడుండాడు సార్?"
గొంతులో నిష్ఠూరం లేదు. అదే కష్టంగా ఉంది.
"ఇస్కపల్లి కాడ, రొయ్యల గుంటలకు కావిలి.
డబ్బా వాయించి పిట్టల్ని తోల్తా ఉంటాడంట."
"అట్టనా" అంది.
కాసేపయ్యాక,
"డబ్బా చాలునా, దానికి?" అంది.

రసీదు చించి ఇచ్చాను.
తూటా లేదని తేల్చుకోవడం నిబంధన,
తుపాకీ విరిచి గొట్టంలోకి చూశాను.
అటు చివర పావలా అంత వెలుతురు.

కిటికీ అవతల
ఏదో ఆ పావలా దాటిపోయింది.
చప్పుడైతే విన్నాను.
పేరు తెలీలేదు.