మెట్ల దీపం

మా మేడకి లిఫ్టు లేదు.
ఎనిమిదంతస్తులు, నూట నలభై నాలుగు మెట్లు.
ప్రతి మలుపులోనూ చప్పుడైతే వెలిగే దీపం,
మాట ఆగితే ఇరవై లెక్కపెట్టేలోగా ఆరిపోతుంది.
చోంగ్‌చింగ్ పొగమంచులో
షియావ్‌మాన్ నేర్చిన మొదటి విద్య చప్పట్లు.

ఇవాళ బడి ఫారం నింపాం.
తల్లి గడిలో జింగ్‌షూ పేరు,
తండ్రి గడిలో ఒక అడ్డగీత.
'ఇంట్లో ఇంకెవరు' అన్నచోట
నా పేరు, పక్కన: పిన్ని.
రాసింది జింగ్‌షూయే. చెయ్యి వణకలేదు.
వణికుంటే బాగుండేదని
బస్సు నది దాటేదాకా అనుకుంటూనే ఉన్నాను.

గొడవ మాత్రం చిక్కుడుకాయల దగ్గర మొదలైంది.
"పచ్చిగా ఉన్నాయి, పిల్లకి పెడతావా?"
"నీ పిల్లకి," అన్నాను.
ఆ ఒక్క అక్షరం
గిన్నెలో పడి చప్పుడు చెయ్యలేదు.

గట్టిగా పోట్లాడుకునే భాగ్యం మాకు లేదు,
గోడలు పల్చన.
గుసగుసల్లోనే తిట్టుకుంటాం,
గుసగుసల్లోనే తలుపులేసుకుంటాం.
ఆఫీసులో లియావ్ మేడమ్ నాకు సంబంధం తెచ్చింది,
విడాకులైన పళ్ల డాక్టరట, సొంత ఫ్లాటట.
నవ్వాను. ఆ నవ్వు
ఇంటికొచ్చి మొహం కడిగినా పోదు.
ఆదివారం జింగ్‌షూ వాళ్లమ్మ వీడియోలోకి రాగానే
నేను ఫ్రిజ్ వెనక్కి జరుగుతాను.
ఫోను కన్ను ఎంతమేర చూస్తుందో
టేపు పెట్టి కొలిచినట్టు తెలుసు నాకు.

పోయిన చలికాలం పిల్ల ఒళ్లు నలభై డిగ్రీలు దాటింది.
"మీరేమవుతారు?" అంది నర్సు, పెన్ను చాపి.
ఆ పెన్ను నా చేతికి రాలేదు.
షిఫ్టులోంచి జింగ్‌షూ పరిగెత్తుకొచ్చేదాకా
నలభై నిమిషాలు
పిల్ల నా భుజం మీదే కాలింది.
సంతకం పెట్టి నా వంక చూసిందే,
తప్పు నాదైనట్టు,
ఆ చూపు సంగతి ఇద్దరం ఇంతవరకు ఎత్తలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా
ఆరో అంతస్తు దాకా దిగి కూర్చున్నాను.
దీపం ఆరింది. మంచిదే అనుకున్నాను.
కాసేపటికి పైన తలుపు చప్పుడు,
జింగ్‌షూ అడుగులు, ఒక్కో దీపం.
నా పైమెట్టు మీద కూర్చుంది.
ఇరవై లెక్కపెట్టేలోగా
మళ్లీ చీకటి.

అప్పుడు నా పేరు పిలిచింది.
ఎప్పుడూ నోట్లోనే దాచుకునే పేరు,
పైనుంచి కిందిదాకా
ఎనిమిది దీపాలూ వెలిగేంత గట్టిగా.

ఐదో అంతస్తులో తాత తలుపు తీశాడు.
"ఎవరది?"
పిన్ని అనబోయాను కాబోలు, నోరు తెరిచాను.
జింగ్‌షూ నాకన్నా ముందే అంది:
"మేమే."

తలుపు మూసుకుంది.
నాకు కోపం ఇంకా పోలేదు.
కాళ్లు చల్లబడ్డాయి,
చిక్కుడుకాయలు మళ్లీ ఉడకబెట్టాలి.
పైన ఎవరో నిద్రలోంచి లేచి
చప్పట్లు కొడుతున్నారు.