గోనెసంచుల గది

మా దగ్గర ఉన్నది పద్నాలుగు వేలు,
మూడు పాటలు, ఒక జముకు, శిమ్మయ్య డోలు,
అద్దెకు తెచ్చిన కీబోర్డు,
దాలమ్మ గొంతు.
డబ్బు సంచీ నాది, లెక్కల నోటుబుక్కు నాది.
వంత పాడేదానికి ఈ పని కూడా అంటగట్టారు.

మొదటిది విజయనగరం, గంటస్తంభం దగ్గర,
సెల్‌ఫోన్ల షాపు మీద మూడో అంతస్తు.
మెట్లెక్కేసరికి దాలమ్మకి ఆయాసం.
అది తగ్గేసరికి ఇరవై నిమిషాలు.
గంటకి ఆరువందలు, ఆయాసంతో సహా.
కుర్రాడు మంచివాడే.
ఆమె చెవులకి డిప్పలు తగిలించి
టిక్కు టిక్కుమని ఒక చప్పుడు పెట్టి
దాని వెంట పాడమన్నాడు.
"తలుపు కొడతన్నారెవులో, సూడు బాబూ" అంది.
తవిటయ్య జముకు మీటాక
తెర మీది గీతల్ని చూసి కుర్రాడన్నాడు:
"ఈ జుమ్ముమనే గోల తీసేద్దాం."
తీసేస్తే ఏం మిగుల్తుందో
తవిటయ్య అడగలేదు,
జముకుని కండువాలో చుట్టేశాడు.

రెండోది విశాఖపట్నం.
బస్సు ఛార్జీలు నోటుబుక్కులో ఉన్నాయి, ఇక్కడెందుకు.
తలుపు వెనక ఇంకో తలుపు,
గోడలనిండా స్పాంజి.
అన్న మాట పెదాల దగ్గరే చచ్చిపోతోంది.
ఏసీకి జముకు తోలు బిగిసి సుతి ఎక్కడికో పోయింది.
వేడినీళ్ళడిగితే
దారం కట్టిన టీపొట్లం వేసి తెచ్చారు.
తవిటయ్యకి మాత్రం తెగ నచ్చేసింది.
అద్దం వెనక నిలబడి నాలుగు ఫోటోలు తీయించుకున్నాడు,
బంగారు అక్షరాల కార్డొకటి జేబులో వేసుకున్నాడు.
గంటకి ఎంతో విన్నాక నేను నోటుబుక్కు మూసేశాను.
బయటికొచ్చి, ఎండలో నిలబడి
దాలమ్మ "ఓ" అని ఒక్క కేక పెట్టింది,
గొంతు ఉందో లేదో చూసుకోడానికి.
ఇద్దరు ఆటోవాళ్ళు వెనక్కి తిరిగారు.
ఉంది.

మూడోది నెల్లిమర్లలో,
గోనెసంచుల గోడౌను చివరి గది.
మైకుసెట్టు గురువులు కూతురు సత్యవేణిది.
గోడలకి మూడు వరసల ఖాళీ సంచులు,
దబ్బనంతో కుట్టినవి. జనపనార వాసన.
ఆమె మా పాటలేమిటని అడగలేదు.
గది మధ్యలో ఒకసారి చప్పట్లు కొట్టింది,
మూలకెళ్ళి ఇంకోసారి.
"అమ్మా, ఇంటికాడ పాడినప్పుడు ఎటు తిరిగి కూకుంటావు?"
నలభై ఏళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదేమో,
దాలమ్మ కాసేపు వెతుక్కుంది.
"ఏపైతే నాకేటి. తవిటయ్య మోకాలు అవుపడాల."

అప్పుడు నేను చూశాను, ఇన్నాళ్ళూ చూడలేదు.
పాట నడిచేది ఆ మోకాలి మీద.
అది ఎగిరితే ఈమె ఊపిరి తీస్తుంది.

మైకు ఒక్కటే, ఇద్దరి మధ్యా.
మూడు రోజులకి పది వేలు,
కరెంటు పోయిన గంటలకి లెక్కలేదు.
మరుగుదొడ్డికి రోడ్డు దాటాలి.
గోడకి రైళ్ళ టైములు అతికించి ఉన్నాయి,
ఎర్ర పెన్సిలుతో గీతలు.
గూడ్సుబండికి టైమేముంది,
వచ్చినప్పుడు అందరం నోరు మూసుకు కూచోడమే.
"ఇది టూడియోనా, బస్తాల కొట్టా?
అద్దం కూడా నేదు" అన్నాడు తవిటయ్య.
ముగ్గురం ఒకపక్క, అతనొక్కడూ ఒకపక్క.
ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

రెండో రోజు, రెండో పాట మధ్యలో
సత్యవేణి చెయ్యెత్తింది.
"గిర్రుమంటంది. అది తీగది కాదు."
నిజమే, జముకు బిళ్ళ వదులయింది.
పుల్ల పెడితే జారిపోయింది, కాగితం నలిగిపోయింది.
తవిటయ్య ఎవరి వైపూ చూడకుండా
జేబులోంచి ఆ కార్డు తీసి
నాలుగు మడతలు పెట్టి, సందులో దోపి,
ఒకసారి మీటాడు.
మోకాలు ఎగిరింది.
దాలమ్మ అందుకుంది.

రెండో పాట వింటే,
తీగ అడుగున ఎక్కడో
బంగారు అక్షరాలు కూడా వాయిస్తున్నాయి.
వాటికి మేం పైసా ఇవ్వలేదు.