ఎడమ చేతి కోసం

టాకెట్ కొట్లో గోడ పొడుగునా మాండలిన్లు
దండెం మీద చొక్కాల్లా వేలాడుతున్నాయి.
బయట కెంటకీ కొండల మీద మార్చి వాన.
బొగ్గు లారీ దాటినప్పుడల్లా
ఎవరూ ముట్టకుండానే అన్నీ కలిసి
సన్నగా మూలుగుతున్నాయి.

"ఎవరికి, ఒలీటా?"
"మా ఆర్లిస్‌కి."
"ఇంతకుముందు వాయించాడా?"
"లేదు."
అబద్ధం కాదు. మాండలిన్ ఎప్పుడూ వాయించలేదు.

కోటు జేబులో నూట నలభై డాలర్లు.
బడి వంటగదిలో శనివారాలు గిన్నెలు తోమినవి కొన్ని,
పళ్ళ డాక్టరుకని దాచినవి మిగతావి.
పన్ను ఆగుతుంది. ఇన్నాళ్ళు ఆగింది.

ముందు నా కళ్ళు పోయింది భుజం దగ్గర
చెక్క మెలిక తిరిగినదాని మీదికి,
చిత్తడి నేలలో అప్పుడే విప్పుకుంటున్న ఫెర్న్ మొలకలా ఉంది.
"ఆ మెలికకే మూడొందలు ఎక్కువ," అన్నాడు టాకెట్,
"అది పాడదు. ఊరికే చూస్తూ ఉంటుంది."

అరవైకి ఎర్రదొకటి ఉంది, మిఠాయిలా మెరుస్తూ.
తీగకీ మెట్టుకీ మధ్య
చీమలు పెళ్ళి ఊరేగింపు తీయొచ్చు.
నొక్కి చూశాను. వేలి మీద రెండు గీతలు పడ్డాయి.
"వారంలో మానేయాలంటే
ఇంతకంటే చవక దారి లేదు."

మూడోది పాతది. బొట్టు ఆకారం.
పైచెక్క నిజమైన స్ప్రూస్, వెనకది అతుకుల పలక.
మెడ వెనక ఎవరో గోటితో గీసిన రెండక్షరాలు.
అతను పన్నెండో మెట్టు మీద నొక్కి మీటి,
వట్టి తీగ మీటి,
రెంటినీ పక్కపక్కన పెట్టి చెవి వంచి విన్నాడు,
తూకం చూసే కంసాలిలా.

ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా.
ఒకటి జారితే రెండోది ఊరుకోదు,
అందరికీ వినపడేలా చెప్పేస్తుంది.
అచ్చం మా అన్నా నేనూ.

లావు తీగ నుంచి మొదలెట్టి శ్రుతి చేస్తుంటే
ఆ నాలుగు స్వరాలూ నా మెడ మీద వెంట్రుకల్ని లేపాయి.
మా వంటింట్లో నలభై ఏళ్ళు
కుర్చీ లాగిన చప్పుడు తర్వాత వచ్చినవి అవే.
"ఫిడేలుకీ దీనికీ ఒకటే శ్రుతి, తెలుసా?"
"తెలుసు," అన్నాను. "దానికోసమే వచ్చాను."

రంపపు మిల్లులో దుంగ దొర్లిన రోజు నుంచి
ఆర్లిస్ కుడి చెయ్యి
అన్నం పళ్ళెం దాటి పైకి లేవదు.
కమాను పట్టాలంటే భుజం కావాలి.
దీనికి మణికట్టు చాలు.
రాత్రి సింకు దగ్గర నిలబడి
చొక్కా గుండీతో గాలిని మీటి, మీటి
నాకు నేనే రుజువు చేసుకున్నాను.

పెట్టెతో నూట డెబ్బై, పెట్టె లేకుండా నూట నలభై.
పిండి కొద్దీ రొట్టె.
టాకెట్ ఒక్క డాలరు తగ్గించలేదు.
మీటడానికి మూడు బిళ్ళలు మాత్రం కాగితంలో చుట్టిచ్చాడు.
కోటు విప్పి దానికి తొడిగాను.
బస్సు స్టాపు దాకా నేను తడిశాను, అది తడవలేదు.

"పిల్లల బొమ్మ," అన్నాడు ఆర్లిస్.
బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరికి పోయి
ఎవరిదో కుక్కని తిట్టాడు.
చారు చల్లారింది. ఇద్దరం పడుకున్నాం.

ఏ రాత్రో మెలకువ వచ్చింది.
మీటుతున్న చప్పుడు కాదు,
తీగల మీద వేళ్ళు దిగుతున్న చప్పుడు.
చూరు నీళ్ళు తగ్గాక
చివరగా రాలే చుక్కల్లా, టప్ టప్.
కుడి చెయ్యి లేకుండానే, చీకట్లో,
ఎడమ చెయ్యి ఒక్కటే పాటంతా నడుస్తోంది.

నేను లైటు వేయలేదు.
రెండో భాగంలో, ఎప్పుడూ తడబడే చోటుకొచ్చి
తడబడ్డాడు.