ఇటుక రంగు వచ్చేదాకా

పొటాషియం క్రోమేట్.
సీసా మీద నా చేతిరాతే: నూటికి ఐదు పాళ్లు, మార్చి రెండు.
పొదలకూరు సంతలో ముగ్గిన నిమ్మకాయ
ఎండలో పెట్టినట్టుంటుంది.
వాసన లేదు. రుచి ఎవరూ చెప్పలేదు,
చెప్పేంతదాకా రానివ్వకూడదు.

మాలకొండయ్య స్ప్రైట్ సీసాలో బోరు నీళ్లు పట్టుకుని
పొద్దున్నే కావలి బస్సు దిగాడు.
బోరుకి మూడువైపులా రొయ్యల గుంటలంట.
"రొండేళ్ల కిందట తియ్యంగుండేయి మేడం,
ఇప్పుడు పప్పు ఉడకతంలా."

యాభై మిల్లీలీటర్లు కొలిచి పసుపు కలిపాను.
పైన బ్యూరెట్లో సిల్వర్ నైట్రేట్.
నా చూపుడువేలి గోరు నల్లబడింది దానివల్లే;
గోరింటాకు పెట్టేవాళ్లు ఆ వేలి దగ్గర
ఒక క్షణం ఆగుతారు.

చుక్క. చుక్క.
ముందు ఉప్పు పట్టుకుంటుంది వెండిని,
విరిగిన పాలలా అడుక్కి దిగుతుంది.
ఉప్పు ఉన్నంతసేపూ క్రోమేట్ పలకదు,
బంతిలో చివర కూర్చున్నవాడిలా
వడ్డన తనదాకా వచ్చేవరకు చూస్తుంది.

"ఇంకా పడతానే ఉందే!" అన్నాడు ఆశగా.
ఎక్కువ పడితే మంచిదనుకున్నాడు.
నేనేమీ అనలేదు.
బ్యూరెట్ రెండోసారి నింపాను.

అప్పుడు వచ్చింది, కాలిన ఇటుక రంగు.
తిప్పినా పోలేదు.
లీటరుకు పదమూడు వందలు.
తాగవద్దని రాసిచ్చిన కాగితం మడిచి
ఫ్లాస్కు వైపు గడ్డం చూపించాడు:
"అయితే ఇది విషమేనా?"
విషమే. కానీ అది నేను పోసింది.
నీ నీళ్లలో ఉన్నది ఉప్పే.

చీరుకున్న చోట తగిలితే పుండు మానదు.
పొడి ఎగిరితే ముక్కు లోపలి గోడకు చిల్లు.
ఆపైన ఏళ్లకేళ్లు ఆగి ఊపిరితిత్తుల్లో అడుగుతుంది లెక్క.
సింకులో పోస్తే
ఇంకో మాలకొండయ్య బోరుకు పోతుంది.

సాయంత్రం మస్తాన్‌బీ గ్లవ్స్ తొడుక్కుని క్యాన్ పట్టుకుంటుంది.
వెండి వడకట్టాక యాసిడ్ పోస్తాను, పసుపు నారింజవుతుంది.
అన్నభేది వేస్తాను, నారింజ ఆకుపచ్చవుతుంది.
"మా నానీ రక్తం తక్కువోళ్లకి ఇచ్చేది ఇదే"
అంటుంది ప్రతిసారీ, కొత్తగా.
సున్నం వేస్తే కోపం దిగి
బురదై కూర్చుంటుంది.

ఇది పద్నాలుగో క్యాన్.
తీసుకెళ్లే బండి ఉగాదికన్నారు, ఏ ఉగాదికో.

మాలకొండయ్య తన సీసా బల్ల మీదే మర్చిపోయాడు,
సగం నీళ్లతో.
మస్తాన్‌బీ మూత తీసి
కిటికీలో తులసి మీదికి వంచబోయి
నా మొహం చూసి
ఆగింది.